జ్వరంలో ఫోన్ పట్టుకున్న ఆటగాళ్లకు: ఎలా వెతకాలి, ఎక్కడ ఆపాలి

2021 ఏప్రిల్. నాకు కరోనా జ్వరం మొదలైన ఆరో రోజు రాత్రి నిద్ర పట్టక ఫోన్ తీసి "కరోనాలో రన్నింగ్ చేయొచ్చా" అని టైప్ చేశాను. పైన వచ్చిన వీడియోలో ఒకాయన, చెమట బాగా పడితే వైరస్ ఒంట్లోంచి పోతుందని ధీమాగా చెప్తున్నాడు. దాని కింద విశ్రాంతి తీసుకోమనే వీడియోలు రెండు ఉన్నాయి. వాటిని తెరవనే లేదు. తెల్లారి డాబా మీద ఇరవై నిమిషాలు మెల్లగా పరుగెత్తాను. ఆ వేగానికి నా పల్స్ ఎప్పుడూ 125 దాటదు. ఆ రోజు వాచీ 160 చూపించింది. మధ్యాహ్నానికి మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు.

నేను ఒకప్పుడు 800 మీటర్లు పరుగెత్తినదాన్ని. ఇప్పుడు హనుమకొండలో పిల్లలకు రన్నింగ్ నేర్పుతున్నాను. ఆ మంచం మీద పడుకుని ఒకటే ఆలోచించాను: ఇన్నేళ్లు ట్రాక్ మీద ఉన్నదాన్ని ఆ వీడియోను ఎలా నమ్మాను? నమ్మలేదు నిజానికి. ఎవరో ఒకరు నాకు "పరుగెత్తు" అని చెప్పాలి, ఆ ఒక్క మాట కోసమే వెతికాను, అది దొరికింది. మిగతా జనం జ్వరంలో "నాకేమైంది" అని వెతుకుతారు. మనం "ఎప్పుడు దిగొచ్చు" అని వెతుకుతాం. నాలుగు రోజులు ప్రాక్టీస్ పోతే దమ్ము పోతుందని భయం, పక్కవాళ్లు ముందుకెళ్లిపోతారని భయం. ఆ భయంతో ఫోన్ పట్టుకుంటే మనకు నచ్చే జవాబే కంటికి ఆనుతుంది.

అప్పటి నుంచి మా పిల్లలకు నేర్పుతున్న పద్ధతి ఇది. కరోనా కోసమే మొదలుపెట్టాను. మళ్లీ ఏ అంటురోగం వచ్చినా, మామూలు ఫ్లూ వచ్చినా ఇదే పనికొస్తుంది.

ఫోన్ కంటే ముందు కాగితం

వెతకడానికి ముందు నోట్‌బుక్‌లో ఈ వివరాలు రాయండి. జ్వరం మొదలై ఎన్నో రోజు. ఎంత ఉంది. పొద్దున లేవగానే, మంచం మీదే చూసిన పల్స్ ఎంత, మామూలు రోజుల్లో ఎంత ఉంటుంది. ఆక్సీమీటర్ ఉంటే ఆక్సిజన్ ఎంత. ఏ గోలీ వేసుకున్నారు, ఎన్నిసార్లు.

ఆటగాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే మన ఒంటి లెక్కలు వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ప్రతి గ్రూపులోనూ తిరిగిన ఫార్వర్డ్ గుర్తుందా? పది సెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే కరోనా లేనట్టేనని. పైగా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ చెప్పిందని పేరు. ఆ మాట మాది కాదని ఆ యూనివర్సిటీ వాళ్లే చెప్పారు. మా గ్రూపులో మాత్రం పిల్లలంతా పోటీ పడి "నాకు 70 సెకన్లు", "నాకు 85" అని పెట్టారు. ట్రాక్ మీద పెరిగిన ఊపిరితిత్తులు జ్వరంలో కూడా పది సెకన్లు ఆగుతాయి. అది చూసి ధైర్యం తెచ్చుకుంటే మోసపోతాం.

అలాగే పల్స్. మామూలు మనిషికి 72 అంటే ఏ యాప్ అయినా "నార్మల్" అంటుంది. రోజూ 52 ఉండే రన్నర్‌కి పొద్దున 72 వచ్చిందంటే ఒంట్లో ఏదో జరుగుతోందని అర్థం. మీ మామూలు లెక్క మీ నోట్‌బుక్‌లో తప్ప ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండదు. అందుకే ఒంట్లో బాగున్న రోజుల్లోనే వారానికి రెండుసార్లైనా పొద్దుటి పల్స్ రాసుకోండి.

ప్రశ్నను తిప్పి అడగండి

"చేయొచ్చా" అని అడిగితే చేయమనేవాళ్లే దొరుకుతారు. ఆ ప్రశ్నను తిప్పండి. "జ్వరం తగ్గాక పరుగు ఎప్పుడు మొదలుపెట్టకూడదు", "కరోనా తర్వాత క్రీడాకారుల గుండెకు ప్రమాద సూచనలు" అని అడగండి. కాదనే జవాబుకు కూడా దారి ఉండేలా ప్రశ్న ఉండాలి.

తెలుగులో టైప్ చేస్తే ఎక్కువగా వీడియోలే వస్తాయి. వాటిలో మంచి డాక్టర్లు చెప్పేవీ ఉన్నాయి. కానీ ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పేవి తక్కువ. అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో "గ్రాడ్యుయేటెడ్ రిటర్న్ టు ప్లే" అనే మాట టైప్ చేసి, పక్కన జబ్బు పేరు, సంవత్సరం వేయండి. మెట్టు మెట్టుగా తిరిగి ఆటలోకి దిగడం అని అర్థం, స్పోర్ట్స్ డాక్టర్లు వాడే మాట అది. నాకు ఆ మాట తెలిసిన రోజు నుంచి వెతుకులాట సగం తగ్గింది. ఇంగ్లిష్ రాని పిల్లలు ఆ పేజీని ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని చదవొచ్చు. కానీ అంకెలు, మందుల పేర్లు మాత్రం ఇంగ్లిష్ పేజీలోనే మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఎప్పుడు చెప్పారు, ఎవర్ని చూసి చెప్పారు

ఏది చదివినా రెండు ప్రశ్నలు వేయండి. ఈ మాట ఏ తేదీది? ఎవరి మీద చూసి చెప్పారు? ఇవి ఎందుకు ముఖ్యమో గుండె సంగతి చెప్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో మమ్మల్ని అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

2020 జూలైలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. కరోనా తగ్గిన 100 మందికి గుండె ఎమ్మారై తీస్తే 78 మందిలో ఏదో ఒక తేడా కనిపించిందని. మా గ్రూపులో ఆ 78 అనే అంకె మంటలా పాకింది. ఒకమ్మాయి ఫోన్ చేసి "అక్కా, ఇంక నేను రన్నింగ్ మానేయాలా?" అని ఏడ్చింది. ఆ 100 మంది ఎవరు? 49 ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు, మూడో వంతు మంది ఆస్పత్రిలో చేరి వచ్చినవాళ్లు. క్రీడాకారులు కారు. సెప్టెంబర్‌లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి కాలేజీ క్రీడాకారుల మీద ఇంకోటి వచ్చింది. నలుగురిలో గుండె కండరం వాపు లక్షణాలు, అంటే 15 శాతం. కానీ చూసింది మొత్తం 26 మందినే. కరోనా రాని క్రీడాకారులతో పోల్చి చూడలేదు కూడా. కఠినంగా శిక్షణ పొందే గుండె ఎమ్మారైలో మామూలుగానే కొంచెం వేరుగా కనిపిస్తుంది.

2021 మార్చి నాటికి అమెరికా ప్రొఫెషనల్ లీగుల్లో కరోనా వచ్చిన 789 మంది ఆటగాళ్ల లెక్క వచ్చింది. గుండె వాపు తేలింది ఐదుగురికి. 0.6 శాతం.

78, 15, 0.6. ఎనిమిది నెలల్లో వచ్చిన మూడు అంకెలివి. మొదటి అంకె దగ్గరే ఆగినవాళ్లు భయపడి మానేశారు. చివరి అంకె మాత్రమే చూసినవాళ్లు ఏమీ కాదని దిగారు. 789 మందిలో ఐదుగురంటే తక్కువే, కానీ ఆ ఐదుగురిలో మీరుంటే? ఛాతీలో నొప్పి ఉంటే శాతాలు చూడకండి, డాక్టర్‌ని చూడండి. లక్షణాలు తేలిగ్గా పోయి, ఒళ్లు కుదుటపడితే మాత్రం ఎమ్మారై కోసం అప్పు చేయనక్కర్లేదు. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే.

తేదీ సంగతి కూడా ఇలాంటిదే. 2020 జూన్‌లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక్క పేజీ బొమ్మ వచ్చింది. లక్షణాలు మొదలైనప్పటి నుంచి కనీసం పది రోజులు విశ్రాంతి, అందులో చివరి ఏడు రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు అని. 2022 మార్చిలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ వాళ్లు అంతకంటే సడలించిన సలహా ఇచ్చారు. లక్షణాలేవీ లేకుండా పాజిటివ్ వస్తే మూడు రోజులు ఆగితే చాలు, తేలికపాటి లక్షణాలైతే అవి పోయేదాకా ఆగాలి, ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ లాంటివి ఉంటే ఈసీజీ, ఎకో, ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి అని. రెండూ మంచి డాక్టర్లు చెప్పిన మాటలే. రెండేళ్లలో తెలిసింది పెరిగింది, సలహా మారింది. అందుకే తేదీ లేని సలహాను నేను పక్కన పెట్టేస్తాను, ఎంత పెద్ద డాక్టర్ ఫొటో ఉన్నా సరే.

రన్నర్లలో పాత లెక్క ఒకటుంది. జలుబు మెడ పైన ఉంటే పరుగెత్తొచ్చు, మెడ కింద ఉంటే ఆగాలి అని. నేనూ అదే నేర్చుకుని పెరిగాను. అది మామూలు జలుబు కోసం పుట్టిన లెక్క. కొత్త జబ్బుకు దాన్ని వాడకండి.

మందు పేరు వెతకడం: ఇక్కడ తప్పు చేస్తే కెరీర్ పోతుంది

ఈ భాగం మాత్రం నెమ్మదిగా చదవండి. జిల్లా స్థాయి దాటి నేషనల్స్‌కి వెళ్లే పిల్లలున్న ఇంట్లో అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి.

2021 మే. తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్. మా దగ్గర 1500 మీటర్లు చేసే అమ్మాయి, 19 ఏళ్లు, ఊళ్లో జ్వరంతో ఉంది. సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ మన హనుమకొండలోనే జరగబోతోంది, అందులో దిగాలని ఆశ. ఫోన్ చేసింది.

"అక్కా, మా ఊరి డాక్టర్ గ్లూకోజ్ ఎక్కిస్తా అంటున్నాడు. పవర్ ఇంజక్షన్ కూడా ఇస్తాడట, రేపటికల్లా లేచి తిరుగుతా అంటున్నాడు."

"ఇంజక్షన్ పేరేంటి?"

"పేరు చెప్పలేదక్కా."

మన ఊళ్లలో నీరసం అంటే గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఎవరూ తప్పుగా అనుకోరు. కానీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో ఎం2 అనే విభాగం ఉంది. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి నరం ద్వారా ఏది ఎక్కించుకున్నా, అది ఉత్త సెలైన్ అయినా, అన్ని వేళలా నిషేధమే. ఆస్పత్రి చికిత్సలో భాగంగానో, ఆపరేషన్‌లోనో, రోగ నిర్ధారణ పరీక్షలోనో ఎక్కిస్తే మాత్రం మినహాయింపు. మన బాటిల్‌లో ఉండేది 500. అమెరికా స్విమ్మర్ రయన్ లోక్టీ, ఎన్నో ఒలింపిక్ పతకాలు గెలిచినవాడు, 2018లో విటమిన్ల డ్రిప్ ఎక్కించుకుంటూ ఫొటో పెట్టాడు. నిషేధిత మందేదీ అందులో లేదు. అయినా 14 నెలలు సస్పెండ్ అయ్యాడు.

ఇక పేరు చెప్పని ఆ ఇంజక్షన్. ఆ నెలల్లో డెక్సామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లను చాలామంది చాక్లెట్లలా వాడారు. ఇవి జాబితాలో ఎస్9. నోటి ద్వారా గానీ ఇంజక్షన్‌గా గానీ తీసుకుంటే పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయం అంటే పోటీకి ముందు రోజు రాత్రి 11:59 నుంచి లెక్క. మందు ముందే వేసుకున్నా దాని ఆనవాలు ఆ రోజున దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

అసలు ఆ మందు ఆ అమ్మాయికి అవసరమా? 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. "చవకైన స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతోంది" అని అన్ని చోట్లా హెడ్డింగులు. నిజమే. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, ఆక్సిజన్ పెట్టినవాళ్లకు కాపాడింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ కనిపించలేదు. ఆ రెండో వాక్యం హెడ్డింగుల్లో లేదు. ఎవరి మీద చూశారు అనే ప్రశ్న వేసినవాళ్లకే అది కనిపిస్తుంది. మా అమ్మాయి ఆక్సిజన్ 98.

ఎక్కించుకోవద్దని చెప్పాను. ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు, పారాసెటమాల్ అన్నాను. ప్రభుత్వం వాళ్ల ఈ-సంజీవని ద్వారా ఎంబీబీఎస్ డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించాను. ఆవిడా అదే చెప్పింది.

మందును వెతికే పద్ధతి ఇది. గోలీ షీటు మీద బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు చూడండి. చిన్న అక్షరాల్లో ఉన్నా వదలకండి, ఒక్కో గోలీలో మూడు నాలుగు మందులుంటాయి. ప్రతి పేరునూ విడివిడిగా వాడా ఆ ఏడాది జాబితాలో వెతకండి. జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది, నిరుడు చూశాం కదా అని వదిలేయొద్దు. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ల "నో యువర్ మెడిసిన్" యాప్ ఇప్పుడు ఉంది, దాన్ని ఫోన్‌లో పెట్టుకోండి.

అక్షరం అక్షరం చూడాలి. జలుబు గోలీల్లో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటే నిషేధం లేదు. సూడోఎఫెడ్రిన్ అయితే, పోటీ రోజున మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే తప్పే. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ స్వర్ణం పోయింది ఈ సూడోఎఫెడ్రిన్ వల్లే. జలుబుకి ఆ గోలీ ఇచ్చింది సొంత జట్టు డాక్టరే. పదహారేళ్ల పిల్ల తప్పు లేదని అందరికీ తెలుసు. అయినా మెడల్ తిరిగి రాలేదు.

ఇమ్యూనిటీ పౌడర్లు, కషాయం గుళికలు, ఊరూరా పంచిన నాటు మందుల సంగతి ఒక్క మాటలో చెప్తాను. అందులో ఏముందో పూర్తిగా రాసి లేకపోతే ఆటగాడు వాడకూడదు. మిరియాల పాలు మన వంటింట్లో మనం కాచుకున్నవి, వాటితో భయం లేదు.

నిజంగా స్టెరాయిడ్ అవసరమై ఆస్పత్రిలో పడితే వెనకాడకండి, ప్రాణం ముందు. డిశ్చార్జ్ కాగితాలు, మందుల చీట్లు, టెస్టు రిపోర్టులు అన్నీ దాచండి. చికిత్స కోసం వాడిన మందుకు టీయూఈ అనే మినహాయింపు ఉంది. అత్యవసర చికిత్స అయితే తర్వాత కూడా అప్లై చేయొచ్చు.

తిరిగి దిగడం

నేను వాడేది ఆ 2020 బొమ్మలోని మెట్లే. ఆగే రోజులను తర్వాతి సలహాల ప్రకారం, డాక్టర్ మాట ప్రకారం తగ్గిస్తాను, మెట్లను మాత్రం తగ్గించను. మొదటి రెండు రోజులు నడక, తేలిక జాగింగ్, పదిహేను నిమిషాలు మించకుండా, పల్స్ గరిష్ఠంలో 70 శాతం లోపే. తర్వాత రోజు అరగంట, ఆ మర్నాడు ముప్పావు గంట, ఆ తర్వాత రెండు రోజులు గంట వరకు, ఎప్పుడూ 80 శాతం దాటకుండా. అప్పుడే మామూలు ప్రాక్టీస్ వైపు. మర్నాడు పొద్దున పల్స్ మామూలు కంటే బాగా ఎక్కువుంటే, లేదా ఒళ్లు బరువుగా ఉంటే ఒక మెట్టు దిగాలి. రిపీట్స్ (ఒకే దూరాన్ని మళ్లీ మళ్లీ వేగంగా పరుగెత్తడం), టైమ్ ట్రయల్ ఈ వారంలో అసలు లేవు. పిల్లలు ఇక్కడే బతిమాలతారు. "ఒక్క 400 అక్కా" అంటారు. నేను స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టి వస్తాను.

ఫోన్ పక్కన పడేయాల్సిన క్షణాలు

ఛాతీలో నొప్పి, బరువు. కూర్చున్నప్పుడే ఆయాసం. గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం. కళ్లు తిరిగి పడిపోవడం, అందులోనూ పరుగెత్తుతుండగా. ఆక్సిజన్ 94 కంటే తగ్గడం. ఇవి కనిపిస్తే వెతకడం ఆపి, ఇంట్లోవాళ్లని పిలిచి, 108కి ఫోన్ చేయాలి. ఆక్సీమీటర్ తక్కువ చూపిస్తే గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి, చెయ్యి వెచ్చగా రుద్దుకుని ఇంకొక్కసారి చూడండి. మూడోసారి, నాలుగోసారి చూస్తూ కూర్చోకండి.

డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మొదటి వాక్యంలోనే "నేను పోటీల్లో పరుగెత్తుతాను, డోప్ టెస్ట్ ఉంటుంది" అని చెప్పండి. చాలామంది డాక్టర్లకు మనం చెప్పకపోతే ఆ ఆలోచనే రాదు. చెప్తే మందు మార్చి ఇస్తారు.

మా గ్రూపులో ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది. ఆరోగ్యం గురించి ఏ ఫార్వర్డ్ అయినా ముందు నాకో, మాలోనే బీఫార్మసీ చదివే సీనియర్‌కో పంపాలి. మేము తేదీ చూసి, ఫ్యాక్ట్‌లీ లాంటి తెలుగు ఫ్యాక్ట్‌చెక్ సైట్లలో చూసి, అప్పుడు గ్రూపులో పెడతాం.

ఆ 1500 మీటర్ల అమ్మాయికి మొన్న మళ్లీ జ్వరం వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టింది: "అక్కా, రెండో రోజు. 100.2. పొద్దున పల్స్ 66, మామూలుగా 54. గొంతు నొప్పి, ఛాతీలో ఏం లేదు. పారాసెటమాల్ 500 రెండుసార్లు. మెడికల్ షాపులో ఇంకో గోలీ ఇచ్చారు, షీటు వెనక ఫొటో పెడుతున్నా. ఇంకా వేసుకోలేదు."